బిగించిన బోల్టు ఎవరూ ముట్టుకోకుండానే తెగింది, ఎందుకండి?

భీమవరం కుర్రాడు: రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డు వేయిస్తున్నామండి. 12.9 గ్రేడు బోల్టులు (ఈ అంకె ఎంత పెద్దదైతే ఉక్కు అంత గట్టిది), జింక్ పూత తళతళలాడుతోంది. సాయంత్రం బిగించాం, పొద్దున్నే చూస్తే ఒకదాని తల ఊడి కింద పడుంది. గాలి లేదు, తుప్పు లేదు. మేస్త్రీ ఏమో ఎక్కువ బిగించేశారంటాడు, నిజమేనా?

నరసాపురం వెల్డర్: ఎక్కువ బిగిస్తే బిగించేటప్పుడే తెగుద్ది తమ్ముడూ, అదీ కాస్త సాగి సన్నబడ్డాక. తెగిన చోట సాగుడు లేకుండా పంచదార పలుకుల్లా మెరుస్తుంటే హైడ్రోజన్ మీద అనుమానపడాలి. పూతకి ముందు యాసిడ్‌లో ముంచుతారు, తర్వాత కరెంటు పెట్టి జింక్ ఎక్కిస్తారు, రెండు చోట్లా హైడ్రోజన్ పుట్టి కొంత ఉక్కులోకి దూరుద్ది, బిగించాక లాగుడు ఎక్కువున్న చోటికి, అంటే తల కింద మూలకీ మరలకీ మెల్లగా చేరి ఉక్కుని పెళుసు చేసుద్ది, అందుకే ఆలస్యంగా తెగడం. వెల్డింగులో చెమ్మపట్టిన రాడ్డు వాడినా ఇదే గోల, మన వైపు వానాకాలం రాడ్లు ఓవెన్‌లో పెట్టకుండా ఎవడూ ముట్టుకోకూడదు.

అమలాపురం ఇంజనీరు: ఉక్కు ఎంత గట్టిదైతే ఈ జబ్బు అంత ఎక్కువ. 8.8 గ్రేడుకి దాదాపు బెడద లేదు, 10.9 నుంచి జాగ్రత్త. కరెంటు జింక్ తప్పదంటే, పూత అయిన 4 గంటల్లోపు 190-220 డిగ్రీల సెల్సియస్‌లో గంటల తరబడి బేక్ చేయించాలి, దూరిన హైడ్రోజన్ బయటికి పోవడానికి. యాసిడ్‌లో ముంచిన ఇనుము పెళుసవుతుందని విలియం జాన్సన్ 1875లోనే రాశాడు, మన షాపులకి ఆ కబురు ఇంకా అందలేదు!

భీమవరం కుర్రాడు: మరి మిగతా బోల్టులు బానే ఉన్నాయి కదండీ, ఉంచెయ్యొచ్చా?

అమలాపురం ఇంజనీరు: వద్దు బాబూ. అదే లాటువి కదా, మొత్తం మార్చండి. 8.8 వేస్తే సైజు పెంచాలేమో డిజైన్ చేసినాయన్ని అడిగి వేయండి. పైగా చెరువు ఉప్పుగాలికి తుప్పు మొదలైతే అక్కడా హైడ్రోజన్ పుడుతుంది.