మాజీ సైనికుడి వైకల్య పింఛను తిరస్కరించారు: ఉచితంగా న్యాయవాది దొరుకుతారా?

ప్రశ్న
మా నాన్నగారు సైన్యంలోని ఆర్టిలరీలో (ఫిరంగి దళంలో) ఇరవై రెండేళ్లు పనిచేసి 2014లో నాయక్ హోదాలో పదవీ విరమణ చేశారు. అప్పటి మెడికల్ బోర్డు ఆయన వినికిడి లోపాన్ని 30 శాతంగా లెక్కగట్టి, అది సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, పెరిగిందీ కాదని రాసింది. అందువల్ల సర్వీసు పింఛను వస్తోంది గానీ వైకల్య పింఛను రాలేదు. తిరస్కరణ ఉత్తరం ఇంగ్లీషులో ఉండడంతో ఆయన ఎవరిచేతా చదివించుకోకుండా ట్రంకుపెట్టెలో యూనిఫాం కింద మడిచిపెట్టారు. మొన్న ఇల్లు సర్దుతుంటే నా కంటపడింది. బకాయిల్లో మూడో వంతు ఇస్తే కేసు వేయిస్తానని ఒక మధ్యవర్తి అంటున్నాడు. ఇన్నేళ్ల తర్వాత కేసు నిలుస్తుందా? ఉచిత సహాయం ఏదైనా ఉందా?

మొదటి జవాబు
మధ్యవర్తికి ఒక్క పైసా ఇవ్వకండి. గెలిస్తే వాటా అనే ఒప్పందం న్యాయవాదులకే బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. ఇక మధ్యవర్తి మాట చెప్పాలా! 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ కింద వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాదిని ఉచితంగా నియమిస్తారు. ఆ చట్టంలో కోర్టు అంటే ట్రిబ్యునల్ కూడా కనుక, మన రెండు రాష్ట్రాల సైనికుల కేసులు చూసే సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచికీ ఇది వర్తిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

రెండో జవాబు
పై జవాబుకు ఒక సవరణ. సైన్యం రాసిన 30 శాతం వేరు, పౌర వైకల్య ధ్రువపత్రం వేరు. ఆ ధ్రువపత్రం లేకపోతే 12వ సెక్షన్‌లోని వికలాంగుల కోటా కింద మిమ్మల్ని తీసుకోకపోవచ్చు. అప్పుడు ఆదాయ పరిమితి కింద అడగాలి. అయితే సైనికుల, మాజీ సైనికుల కుటుంబాల కోసమే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2025 జులైలో వీర్ పరివార్ సహాయతా యోజన అనే న్యాయ సహాయ పథకం ప్రారంభించింది కాబట్టి, ముందుగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి న్యాయ సహాయ కేంద్రం గురించి విచారించడం మంచిది.

మూడో జవాబు
నేను ఇలాంటి కేసులు చూస్తుంటాను. న్యాయవాది ఎవరైనా మొదట అడిగేది మెడికల్ బోర్డు కాగితాలే. భర్తీ సమయంలో చేసిన వైద్య పరీక్షలో చెవుల లోపం నమోదు కాకపోతే, తర్వాత వచ్చిన లోపం సర్వీసు వల్లే వచ్చిందని భావించాలనీ, కాదనేటట్లయితే బోర్డు కారణాలు రాయాలనీ ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఫిరంగుల పక్కన ఇరవై రెండేళ్లు నిలబడిన మనిషి విషయంలో బోర్డు ఒక్క వాక్యంతో సరిపెట్టి ఉంటే, మీ కేసు బలమంతా అక్కడే ఉంటుంది. గెలిస్తే, 2014 నాటి రామ్ అవతార్ తీర్పును బట్టి 30 శాతాన్ని 50గా సవరిస్తారు. అంటే వైకల్య పింఛనుగా చివరి జీతంలో 9 శాతం రావలసిన చోట 15 శాతం వస్తుంది.

ఆలస్యం సంగతి: పింఛను నెలనెలా ఆగుతున్న హక్కు కనుక కేసు చెల్లుతుంది గానీ, 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం బకాయిలు సాధారణంగా కేసు వేసిన నాటికి ముందు మూడేళ్లకే పరిమితమవుతాయి. మీరు జాగుచేసే ప్రతి నెలా ఒక నెల డబ్బు పోతుంది. సైన్యంలోపలి అప్పీలును ఆలస్యానికి క్షమాపణ కోరుతూ ముందుగా పంపండి, ఎందుకంటే అది తేలకుండా ట్రిబ్యునల్ సాధారణంగా విచారణకు తీసుకోదు. 2023 సెప్టెంబరులో వచ్చిన వైకల్య పింఛను కొత్త అర్హతా నియమాలను చూపి ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. మీ నాన్నగారు అంతకు చాలా ముందే విరమణ చేశారు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. వైద్య వివరాలు వ్యక్తిగతం కాబట్టి, మెడికల్ బోర్డు కాగితాలు కోరే సమాచార హక్కు దరఖాస్తు నాన్నగారి సంతకంతోనే వెళ్లాలని సైనిక సంక్షేమ కార్యాలయంలో చెప్పారు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి సైన్యపు రికార్డ్స్ ఆఫీసుకు ఈ ఉదయమే స్పీడ్ పోస్టులో పంపాము. సంతకం ఎక్కడ పెట్టాలో ఆయనకు రెండుసార్లు గట్టిగా చెప్పవలసి వచ్చింది.