కాంటినెంటల్ ఫుట్‌బాల్ లీగ్ చరిత్రకు ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. 1965 నుంచి 1969 దాకా అయిదు సీజన్లు మాత్రమే నడిచి ఆగిపోయిన, అమెరికన్ ఫుట్‌బాల్‌లోని కాంటినెంటల్ ఫుట్‌బాల్ లీగ్ గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. తొలి ఏడాది ఒక్క ఆటా ఓడని చార్లెస్టన్ రాకెట్స్, 1967, 1968లలో వరుసగా విజేతగా నిలిచిన ఓర్లాండో పాంథర్స్ వివరాలు సేకరించాను. తర్వాతి కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీ నైనర్స్ జట్టుకు అమెరికన్ ఫుట్‌బాల్‌లో అత్యున్నత టైటిల్ అయిన సూపర్ బౌల్‌ను మూడుసార్లు సాధించిపెట్టిన బిల్ వాల్ష్, 1967లో ఈ లీగ్‌లోనే శాన్ హోసే అపాచెస్‌కు కోచ్‌గా పనిచేశారన్నది నన్ను ఎంతగానో కదిలించిన విషయం.

అయితే గెలుపోటముల పట్టికలు చరిత్ర కాలేవు. ఆటగాళ్ల జీతాలు, టికెట్ల రాబడి, జట్లు మూతపడిన కారణాలు తెలిపే నాటి స్థానిక పత్రికలు ఎక్కడ లభిస్తాయి? ఫ్లోరిడాలోని ఓర్లాండో, వెస్ట్ వర్జీనియాలోని చార్లెస్టన్ ప్రాంతాల్లో నివసిస్తున్న తెలుగువారెవరైనా అక్కడి గ్రంథాలయాల్లో విచారించి చెప్పగలరా?