అప్‌డేట్: తెలుగు పుస్తకాల దగ్గర నిలిచిపోతున్న పైథాన్ స్క్రిప్ట్ – కారణం దొరికింది

పర్లాకిమిడిలో మా వీధి గ్రంథాలయం కోసం పాత పుస్తకాల స్కాన్లను పైథాన్ స్క్రిప్ట్ నుంచి బొమ్మలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే టెస్సరాక్ట్ ప్రోగ్రామ్‌కు పంపి, అది చదివిన పాఠాన్ని పైపు (ఒక ప్రోగ్రామ్ నుంచి మరోదానికి డేటా చేరే దారి) ద్వారా తిరిగి తీసుకుంటున్నప్పుడు, ఇంగ్లీషు పుస్తకాలు పూర్తవుతున్నా తెలుగు, ఒడియా పుస్తకాలు మాత్రం ఏ దోష సందేశమూ లేకుండా మధ్యలో నిలిచిపోతున్నాయని గతంలో ఇక్కడ అడిగాను. సమస్య తీరింది. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

భాషా డేటా ఫైళ్లకూ, ర్యామ్‌కూ దీనితో సంబంధం లేదని తేలింది. నేను పైపును చదవకుండానే ‘వెయిట్’ (ఆ ప్రోగ్రామ్ ముగిసేదాకా ఆగమనే ఆదేశం) పిలవడమే అసలు తప్పు. లినక్స్‌లో పైపు మామూలుగా 65,536 బైట్లే పట్టుకుంటుంది. అది నిండగానే టెస్సరాక్ట్ ఇక రాయలేక ఆగిపోతుంది, అది ముగిస్తే గాని చదవకూడదని నా స్క్రిప్ట్ కూడా ఎదురుచూస్తూ ఉండిపోతుంది. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు సరిపోతుండగా తెలుగు, ఒడియా లిపుల్లో ఒక్కొక్క సంకేతానికి, అంటే గుణింతపు గుర్తుకు సైతం, 3 బైట్లు పడుతాయి కనుక మన పుస్తకాలే ముందుగా ఆ హద్దును చేరుకున్నాయి. లోపం మన లిపిలో లేదని తెలిసినందుకు నాకు నిజంగా ఊరట కలిగింది.

‘వెయిట్’ బదులు ‘కమ్యూనికేట్’ వాడమన్న సలహాయే పనిచేసింది; అది మామూలు అవుట్‌పుట్‌నూ దోష సందేశాల అవుట్‌పుట్‌నూ ఒకేసారి చదువుతుంది. పైథాన్ 3.7 గాని, ఆ తర్వాతిది గాని ఉన్నవారు వేరే ప్రోగ్రామ్‌ను నడిపే ‘సబ్‌ప్రాసెస్ రన్’కు, దాని అవుట్‌పుట్‌ను పట్టి ఇచ్చే ‘క్యాప్చర్ అవుట్‌పుట్’ను జతచేస్తే చాలు, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మాత్రం తప్పక చెప్పాలి.