పొమ్మన్న దేశంలో శాంతి దళం నిలబడగలదా?

అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధిస్తున్నాను. ఐక్యరాజ్యసమితి శాంతి దళాలకు ఆతిథ్య దేశపు సమ్మతి తప్పనిసరి అని నల్లబల్ల మీద రాస్తుండగా, అన్న సైన్యంలో ఉన్న ఒక విద్యార్థి వెనుక వరుసలో లేచి, "సార్, ఆ దేశమే పొమ్మంటే ఆడుండే జనాలు ఏమైపోవాల?" అని అడిగాడు.

1967లో ఈజిప్టు కోరగానే ఇజ్రాయెల్ సరిహద్దున ఉన్న సినాయ్ ప్రాంతం నుంచి దళాలు వైదొలగాయనీ, మూడు వారాలైనా గడవకముందే ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చిందనీ, 2023లో పశ్చిమాఫ్రికా దేశమైన మాలి కూడా అలాగే సాగనంపిందనీ చెప్పాను. అది చరిత్రే గానీ జవాబు కాదని నాకే తోచింది.

మాలిలోని దళానికి ఐక్యరాజ్యసమితి నియమావళి (చార్టర్)లో బలప్రయోగానికి వీలు కల్పించే ఏడవ అధ్యాయం కింద అధికారాలు ఉండేవి కదా, అయినప్పటికీ సమ్మతి పోయాక దాన్ని అక్కడే కొనసాగించే హక్కు భద్రతా మండలికి చట్టరీత్యా ఉందా? ఉన్నా, సైనికులను పంపే మనవంటి దేశాలు అందుకు ఒప్పుకుంటాయా? తెలిసినవారు, ముఖ్యంగా అటువంటి దళాల్లో పనిచేసి వచ్చినవారు, దయచేసి వివరించగలరు.