ముగ్గురి బృందం, ఒక్క సర్వర్: చేత్తో చేసే డిప్లాయ్‌మెంట్‌ను పైప్‌లైన్‌కు ఎలా అప్పగించాలి?

మిర్చియార్డ్ అడిగిన ప్రశ్న:

మేము ముగ్గురం కలిసి గుంటూరు చుట్టుపక్కల ఎరువుల, పురుగుమందుల దుకాణాలకు సరుకు నిల్వలూ అప్పు ఖాతాలూ చూసే వెబ్ అప్లికేషన్ ఒకటి నడుపుతున్నాము. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో రాశాము, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, అంతా ఒకే అద్దె ఉబుంటు సర్వర్ మీద ఉంది. కోడ్ గిట్‌హబ్ సైట్‌లో ప్రైవేట్ రిపోజిటరీగా (మాకే కనిపించే కోడ్ నిల్వగా) ఉంది. మార్పు సిద్ధమైనప్పుడల్లా మాలో ఒకరు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సురక్షితంగా లాగిన్ అయ్యే దారి) ద్వారా సర్వర్‌లోకి వెళ్లి, గిట్ పుల్‌తో కొత్త కోడ్ దించి, మైగ్రేషన్లు (డేటాబేస్ పట్టికలను కొత్త కోడ్‌కు తగ్గట్టు మార్చే ఫైళ్లు) నడిపి, అప్లికేషన్‌ను నడిపే జీయూనికార్న్‌ను రీస్టార్ట్ చేయడమే ఇప్పటి డిప్లాయ్‌మెంట్ (కొత్త కోడ్‌ను సర్వర్ మీద పెట్టే) పద్ధతి.

జూన్ రెండో వారంలో, ఖరీఫ్ విత్తనాల కోసం రైతులు దుకాణాల ముందు బారులు తీరిన రోజున, పుల్ చేసి రీస్టార్ట్ చేసిన మనిషి మైగ్రేషన్ నడపడం మరిచిపోయాడు. బిల్లు పేజీ 40 నిమిషాలు పనిచేయలేదు. ఆలోపు దుకాణదారులు కాగితాల మీద రాసిన బిల్లులన్నీ మేమే కూర్చుని ఎక్కించాల్సి వచ్చింది. ఆ మరిచిపోయిన మనిషిని నేనే.

అందుకే పనులను దానంతటదే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌తో పైప్‌లైన్ (టెస్టులు, డిప్లాయ్‌మెంట్ వరుసగా నడిచే ఏర్పాటు) పెట్టాలనుకుంటున్నాము. మాకు టెస్టులు పదో పన్నెండో ఉన్నాయి, అవి పెరిగేదాకా ఆగాలా? దుకాణాలు మూసేశాక రాత్రి 11 గంటలకు దానంతటదే డిప్లాయ్ అయ్యేలా పెట్టవచ్చా? ఇదే పనికి సొంత సర్వర్ మీద నడుపుకునే జెంకిన్స్ పెట్టుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు, అది మాకు అవసరమా?

పాత_సర్వర్ జవాబు:

జెంకిన్స్ మంచి సాధనమే, కాని అది కూడా ఒక సర్వరే. దాన్నీ దాని ప్లగిన్లనూ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తూ కాపాడుకోవాలి. ఉన్న ఒక్క సర్వర్‌కే సమయం చాలని ముగ్గురికి రెండోది ఎందుకండీ? ప్రైవేట్ రిపోజిటరీలకు గిట్‌హబ్ ఉచిత ప్లాన్‌లో నెలకు 2,000 యాక్షన్స్ నిమిషాలు వస్తాయి. ప్రతి జాబ్‌నూ (పైప్‌లైన్‌లోని ఒక్కో పనినీ) పై నిమిషానికి సవరించి లెక్కగడతారు కనుక చిన్నచిన్న జాబ్‌లు పది పెట్టకుండా ఒకటి రెండుతో సరిపెట్టుకుంటే మీకు అవి చాలు.

నా అనుభవంలో చాలామంది చేసే పొరపాటు, డిప్లాయ్‌మెంట్ అడుగులన్నిటినీ నేరుగా పైప్‌లైన్‌ను వివరించే యామల్ ఫైల్‌లోనే రాయడం. ముందు ఆ అడుగులను ఒక షెల్ స్క్రిప్ట్‌గా (సర్వర్ ఆదేశాల వరుసగా) రాసి, మీ ముగ్గురూ రెండు వారాల పాటు చేత్తో ఆ స్క్రిప్ట్‌నే నడపండి. అది నమ్మకంగా నడుస్తోందని తేలాక పైప్‌లైన్ దాన్ని పిలిస్తే సరిపోతుంది. గిట్‌హబ్ పనిచేయని రోజున కూడా మీ చేతిలో దారి ఒకటి మిగులుతుంది.

ఆ స్క్రిప్ట్, అప్లికేషన్ నడుస్తున్న ఫోల్డర్‌లోనే గిట్ పుల్ చేయకూడదు. ప్రతి విడుదలకు కమిట్ హ్యాష్ (గిట్‌లో ఒక్కో మార్పుకు ఉండే గుర్తింపు సంకేతం) పేరుతో కొత్త ఫోల్డర్ తయారుచేసి, దానికి విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (దాని పైథాన్ లైబ్రరీల సొంత గూడు) కట్టి, అంతా సిద్ధమయ్యాక మాత్రమే ‘కరెంట్’ అనే సింబాలిక్ లింకును (మరో ఫోల్డర్ వైపు చూపే గుర్తును) కొత్త ఫోల్డర్ వైపు తిప్పి జీయూనికార్న్‌ను రీస్టార్ట్ చేయాలి. ఆ వెంటనే హెల్త్ చెక్ పేజీని (అప్లికేషన్ పనిచేస్తోందో లేదో చెప్పే పేజీని) తెరిచి చూసి, సరైన జవాబు రాకపోతే లింకును పాత ఫోల్డర్‌కే తిప్పేయాలి. చివరి ఐదు విడుదలలు ఉంచుకుంటే చాలు.

కోడ్‌ను వెనక్కి తిప్పడం ఇలా క్షణాల పని, డేటాబేస్ మాత్రం వెనక్కి తిరగదు. మీ జూన్ కథలోలాగే కోడ్ ఒకచోట, డేటాబేస్ మరోచోట ఉండిపోవడమే అసలు చిక్కు. ఉన్న పట్టికకు తప్పనిసరి కాలమ్ ఒకటి చేర్చే మైగ్రేషన్ నడిచాక పాత కోడ్‌కు తిరిగి వెళితే, ఆ కాలమ్ సంగతి తెలియని పాత కోడ్ కొత్త వరుసలను చేర్చలేదు. కాబట్టి మొదటి విడుదలలో కాలమ్‌ను ఖాళీగా ఉండనిచ్చే విధంగా చేర్చి, కొత్త కోడ్ దాన్ని నింపడం మొదలయ్యాక పాత వరుసలను కూడా నింపి, తప్పనిసరి చేయడాన్ని తరువాతి విడుదలకు వాయిదా వేయండి. పాత కోడూ కొత్త కోడూ రెండూ ఒకే డేటాబేస్ మీద బతకగలిగేలా ప్రతి మైగ్రేషన్ ఉండాలన్నది ఇక్కడి నియమం.

టెస్ట్_ముందు జవాబు:

టెస్టులు పెరిగేదాకా ఆగవద్దు. పది టెస్టులైనా ప్రతి పుల్ రిక్వెస్ట్ (మార్పును అసలు కోడ్‌లో కలపమనే అభ్యర్థన) మీద నడిస్తే, ఎవరూ నడపని వంద టెస్టులకన్నా నయం. పైగా మీకు టెస్ట్ రాయకుండానే దొరికే రక్షణ ఒకటుంది: జాంగోలోని ‘మేక్‌మైగ్రేషన్స్’ ఆదేశానికి ‘చెక్’ అనే ఎంపిక ఇస్తే, మోడల్ (కోడ్‌లో పట్టిక వర్ణన) మారినా మైగ్రేషన్ ఫైల్ రాయని కమిట్‌ను అది అక్కడికక్కడే ఆపేస్తుంది. కొత్త టెస్టులు రాయాలంటే బిల్లు, అప్పు ఖాతా పేజీలతో మొదలుపెట్టండి, డబ్బు తిరిగేది అక్కడే. టెస్టులను ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మీద కాకుండా పోస్ట్‌గ్రెస్ మీదే నడపాలి. యాక్షన్స్‌లో సర్వీస్ కంటెయినర్‌గా (టెస్టుల పక్కనే నడిచే తాత్కాలిక సేవగా) దాన్ని పెట్టుకోవడం పెద్ద పని కాదు.

రాత్రి 11 గంటల ఆలోచనను మాత్రం నేను ఒప్పుకోను. యాక్షన్స్ క్రాన్ (షెడ్యూల్) సమయాన్ని మామూలుగా యూటీసీలో (మన సమయానికి ఐదున్నర గంటలు వెనుక) లెక్కిస్తుంది కనుక అలాగే రాస్తే మన రాత్రి 11 కోసం 17:30 అని రాయాలి. రద్దీ వేళల్లో షెడ్యూల్ ఆలస్యమయ్యే అవకాశమూ ఉంది. అవి చిన్న విషయాలు. రాత్రి 11:10కి ఏదైనా విరిగితే మీ ముగ్గురిలో మెలకువగా ఉండేది ఎవరు? పొద్దున్న దుకాణదారుడు షట్టర్ ఎత్తి ఫోన్ చేసేదాకా మీకు తెలియదు. తెల్లవారి 7 గంటలకు ఒకరు కాఫీ తాగుతూ బటన్ నొక్కి, ఆ లాగ్ చూస్తూ కూర్చునేలా ‘వర్క్‌ఫ్లో డిస్పాచ్’ పద్ధతిలో పెట్టుకోండి.

ఇంకొకటి, డిప్లాయ్ జాబ్‌కు కాంకరెన్సీ గ్రూప్ (ఒకసారి ఒక్కటే నడిచే కట్టుబాటు) ఇవ్వడం మరవవద్దు. లేకపోతే ఇద్దరు ఒకేసారి నొక్కినప్పుడు రెండు మైగ్రేషన్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. నడుస్తున్నదాన్ని మధ్యలో రద్దు చేసే ఎంపికను టెస్టులకు పెట్టుకోవచ్చు, డిప్లాయ్‌కు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు.

తాళంచెవి జవాబు:

పైవారిద్దరూ తాళాల సంగతి వదిలేశారు. మీలో ఒకరి సొంత ఎస్‌ఎస్‌హెచ్ కీని గిట్‌హబ్‌లో సీక్రెట్‌గా (పైప్‌లైన్ కోసం దాచిన విలువగా) పెట్టకండి. డిప్లాయ్‌మెంట్ కోసమే ఒక యూజర్‌ను, ఒక కీని సృష్టించి, సర్వర్‌లోని ‘ఆథరైజ్డ్ కీస్’ ఫైల్‌లో ఆ కీ ముందు స్క్రిప్ట్ పేరును నిర్బంధ ఆదేశంగా రాస్తే, కీ ఎవరి చేతికి చిక్కినా ఆ స్క్రిప్ట్‌ను తప్ప మరేదీ నడపలేరు. డేటాబేస్ పాస్‌వర్డ్ ఎప్పుడైనా రిపోజిటరీలో కమిట్ అయి ఉంటే దాన్ని మార్చేయండి, ఎందుకంటే ఫైల్ తొలగించినా గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది.

ఇతరులు రాసిన యాక్షన్లను (పైప్‌లైన్‌లో వాడుకునే రెడీమేడ్ అడుగులను) వాడేటప్పుడు ట్యాగ్ పేరు (విడుదలకు పెట్టిన, తరువాత వేరే కమిట్‌కు మార్చగల పేరు) కాకుండా 40 అక్షరాల పూర్తి కమిట్ హ్యాష్ రాయండి. 2025 మార్చిలో ‘టీజే-యాక్షన్స్’ వారి ‘ఛేంజ్డ్-ఫైల్స్’ యాక్షన్‌లోకి దాడిచేసినవారు చొరబడి, పాత ట్యాగులను సైతం తమ దుష్ట కమిట్ వైపు తిప్పారు. దాన్ని వాడుతున్న రిపోజిటరీలు 23,000 పైచిలుకు. ఆ కోడ్ నడిచినచోట సీక్రెట్లు వర్క్‌ఫ్లో లాగ్‌లోకే వచ్చిపడ్డాయి. అంతకుముందే హ్యాష్‌తో కట్టేసుకున్నవారిని ఆ ట్యాగుల మార్పు తాకలేదు.

మిర్చియార్డ్ మళ్లీ రాసినది:

అందరికీ ధన్యవాదాలండీ. మూడు వారాల తరువాత రాస్తున్నాను. స్క్రిప్ట్ ముందు, పైప్‌లైన్ తరువాత అన్న సలహానే పాటించాము.

మొదటి రోజు రెండు చోట్ల తట్టుకున్నాము. పైథాన్ వెర్షన్‌ను కొటేషన్ గుర్తులు లేకుండా 3.10 అని రాస్తే యామల్ దాన్ని దశాంశ సంఖ్యగా చదివి 3.1 చేసింది, అలాంటి పైథాన్ దొరకదని రన్నర్ (పైప్‌లైన్‌ను నడిపే యంత్రం) చేతులెత్తేసింది. రెండోది, మాలో విండోస్ వాడేవారు ఒక పేజీ టెంప్లేట్ ఫైల్ పేరును పెద్ద అక్షరంతో పెట్టి, కోడ్‌లో చిన్న అక్షరంతో పిలిచారు. వారి కంప్యూటర్‌లో నడిచింది కాని లైనక్స్ రన్నర్ ఒప్పుకోలేదు.

వెనక్కి తిప్పడాన్ని ఒక ఆదివారం కావాలనే పరీక్షించి చూశాము. లింకు బాగానే తిరిగింది, కాని ఆ ఉదయం దుకాణదారులు ఎక్కించిన రసీదు ఫోటోలు కనిపించకుండా పోయాయి. మీడియా ఫోల్డర్ (ఎక్కించిన ఫైళ్లుండేది) విడుదల ఫోల్డర్ లోపలే ఉండిపోయిందని అప్పుడు అర్థమైంది. ఫోటోలు కొత్త ఫోల్డర్‌లో భద్రంగానే ఉన్నాయి. దీనికి సరైన ఏర్పాటు ఏది?

పాత_సర్వర్ జవాబు:

విడుదల ఫోల్డర్లకు పక్కనే ‘షేర్డ్’ అనే ఫోల్డర్ ఒకటి పెట్టి, మీడియానూ పాస్‌వర్డ్‌లుండే ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌నూ అందులోకి మార్చండి. ప్రతి కొత్త విడుదల వాటికి సింబాలిక్ లింకు మాత్రమే పెట్టుకుంటుంది. జాంగో సెట్టింగ్స్‌లో మీడియా రూట్‌ను పూర్తి దారితో అక్కడికే చూపించినా సరిపోతుంది. మార్చేముందు ఐదు విడుదల ఫోల్డర్లలోనూ మిగిలిన ఫోటోలన్నిటినీ ఏరి ఒకచోట చేర్చండి, లేకపోతే పాత విడుదలలను తుడిచేసే అడుగు వాటిని కూడా తుడిచేస్తుంది.