నాలుగున్నరేళ్ల పాప పొద్దున్నే కుంటుతోంది, ఎక్స్‌రే బాగానే ఉంది: ఎవరికి చూపించాలి?

నరసరావుపేట నుంచి ఒక తల్లి:

అందరికీ నమస్కారం. మా పాపకు నాలుగున్నరేళ్లు. నెలన్నర దాటింది, నిద్ర లేవగానే కుడి కాలు కుంటుతోంది. మంచం దిగి రెండడుగులు వేసి ఎత్తుకోమంటుంది. మేడ మీది నుంచి మెట్టు మెట్టుకీ కూర్చుంటూ దిగుతోంది. స్నానం చేసి, ఇడ్లీ తిని, బడి ఆటో వచ్చే వేళకు చాలావరకు సర్దుకుంటుంది. మధ్యాహ్నానికి పరుగులే. బడికి ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతోందని మొదట్లో ఇంట్లో అందరూ అన్నారు. ఆదివారం కూడా కుంటుతోందని చూపించాక ఆ మాట మానేశారు.

జ్వరం లేదు, పడిన గుర్తూ లేదు. ఎక్కడ నొప్పి అని అడిగితే ఒకసారి మోకాలు చూపిస్తుంది, ఒకసారి ‘ఏమీ లేదు’ అంటుంది. ఎక్స్‌రే బాగుందన్నారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్. విటమిన్ డి మాత్రం తక్కువగా ఉంది. ‘ఎదిగే వయసు నొప్పులు, వాటంతటవే పోతాయి’ అని డి చుక్కలు రాశారు. మా అత్తయ్య గారు పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దామంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

హనుమకొండ నుంచి ఒక తండ్రి:

కంగారు పడకండి అమ్మా. మా వాడికి ఐదేళ్లప్పుడు ఇలాగే జరిగింది. జలుబు తగ్గిన వారానికి ఒక ఉదయం హఠాత్తుగా కాలు కింద పెట్టనన్నాడు. అల్ట్రాసౌండ్ తీస్తే తుంటి కీలులో కాస్త నీరు చేరిందన్నారు. విశ్రాంతి ఇచ్చి, నొప్పి మందు వాడితే రెండు వారాల్లోపే మామూలయ్యాడు. వైరస్ జ్వరాల తర్వాత పిల్లల్లో ఇది సాధారణమేనని డాక్టరు గారు చెప్పారు.

విశ్రాంత పిల్లల వైద్యుడు:

హనుమకొండ మిత్రులు చెప్పినది నిజం. మూడు నుంచి పదేళ్ల లోపు పిల్లల్లో, అందులోనూ మగపిల్లల్లో, ఉన్నట్టుండి కుంటడానికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం అదే. అయితే అది ఒకటి రెండు వారాల్లో వెళ్లిపోయే జబ్బు. నెలన్నర కూర్చోదు. ఈ పాపది వేరే దారి.

ఎదిగే నొప్పులన్న మాట కూడా నాకు కుదరడం లేదు. ఆ నొప్పులు సాయంత్రమో, రాత్రి నిద్రలోనో వస్తాయి. రెండు కాళ్లకూ వస్తాయి. పిక్కలు, తొడలు పట్టుకుని ఏడుస్తారు, కీలు చూపించరు. కాస్త నూనె రాసి పిసికితే నిద్రపోతారు, తెల్లారి లేచి గంతులేస్తారు. పొద్దున్నే కుంటే బిడ్డకు, అదీ ఒక కాలే కుంటే బిడ్డకు, ఆ పేరు పెట్టకూడదు. నా లెక్కలో పిల్లల వైద్యంలో అతి తేలిగ్గా వాడేసే పేర్లలో ఇది మొదటిది.

ఇక మీ కాగితాల సంగతి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ పెద్దవాళ్ల కీళ్లవాతానికి చేసే పరీక్ష. కీళ్లవాతం ఉన్న పిల్లల్లో చాలా ఎక్కువ మందికి అది నెగటివే వస్తుంది. కాబట్టి ఆ కాగితం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, కీలు లోపలి పొర వాపును చూపించదు. విటమిన్ డి అంటారా, మన దేశంలో పదిమంది పిల్లలకు చేయిస్తే చాలామందికి తక్కువే వస్తుంది. చుక్కలు వేయండి, మంచిదే. కానీ డి తగ్గితే ఒక్క కుడి కాలే ఎందుకు కుంటుతుంది?

రేపు పొద్దున పాప లేవగానే, మంచం దిగకముందే ఇవి చూసి చెప్పండి. కాళ్లు చాపి పడుకోబెట్టి రెండు మోకాళ్లనూ పక్కపక్కన చూడండి. మోకాలి చిప్పకు రెండు వైపులా చిన్న గుంటలు ఉంటాయి. కుడి మోకాలికి అవి పూడిపోయాయా? అరచేయి వెనక భాగంతో రెండు మోకాళ్లూ తాకండి, ఒకటి వెచ్చగా ఉందా? కాలు పూర్తిగా చాచగలుగుతోందా, మోకాలి కింద మీ చేయి దూరేంత సందు మిగులుతోందా? తర్వాత బాసింపట్టు వేసుకుని కూర్చోమనండి. తుంటిలో ఇబ్బంది ఉన్న పిల్లలు అది వేయలేరు. మోకాలు నొప్పి అని చూపించినంత మాత్రాన తప్పు మోకాలిదే అనుకోకూడదు, తుంటి నొప్పి నరం వెంట దిగి మోకాలి దగ్గర తెలుస్తుంది. మోకాలికి ఎక్స్‌రే తీసి, తుంటిని వదిలేసిన కేసులు చాలా చూశాను.

కట్టు విషయం. పుత్తూరు కట్టుకు విరిగిన ఎముకల విషయంలో ఉన్న పేరు నాకు తెలుసు, అత్తయ్య గారి నమ్మకాన్ని తక్కువ చేయను. కానీ ఇక్కడ ఏదీ విరగలేదు. వాచిన కీలును బిగించి కడితే అది ఇంకా బిగుసుకుపోతుంది, పైగా లోపల ఏం జరుగుతోందో కనిపించకుండా పోతుంది. పాపకు నలుగు పెట్టి గట్టిగా పిసకడం కూడా వద్దు.

ఈ చర్చ చదివే మిగతావాళ్లకు ఒక మాట. జ్వరం 101 దాటి, బిడ్డ కాలు కదిపితే కెవ్వుమంటూ, నేల మీద అసలు నిలబడనంటే తెల్లారేదాకా ఆగవద్దు. కీలులో చీము పట్టి ఉండవచ్చు. మెత్తని ఎముక అంచు రోజుల లెక్కలో కాదు, గంటల లెక్కలో దెబ్బతింటుంది. అదే రాత్రి రక్త పరీక్షలు, అల్ట్రాసౌండ్ చేసి, అవసరమైతే చీము తీసే ఆసుపత్రికి వెళ్లాలి.

నరసరావుపేట తల్లి:

డాక్టరు గారూ, మీరు చెప్పినట్టే చూశాను. ఎడమ మోకాలికి గుంటలు స్పష్టంగా ఉన్నాయి, కుడి దానికి లేవు. నునుపుగా, గుండ్రంగా ఉంది. ఇన్నాళ్లూ రోజూ స్నానం చేయిస్తున్నాను, పక్కపక్కన పెట్టి ఎవరు చూస్తారండీ! కాస్త వెచ్చగానూ ఉంది. కాలు పూర్తిగా చాచడం లేదు, కింద నా రెండు వేళ్లు దూరాయి. బాసింపట్టు వేసింది కానీ కుడి మోకాలు నొప్పి అంది. మా ఆయన టైలరు టేపుతో కొలిచారు, కుడి తొడ ఎడమ దానికంటే సన్నగా ఉంది. అంటే ఏమిటి?

విశ్రాంత పిల్లల వైద్యుడు:

తొడ సన్నబడిందంటే ఆ కాలిని పాప కొన్ని వారాలుగా తక్కువగా వాడుతోందని అర్థం. నాటకం ఆడే పిల్లల కండ తరగదు.

పదహారేళ్లలోపు మొదలై, ఆరు వారాలు దాటి కీలు వాచి ఉండి, మరో కారణం దొరకకపోతే దాన్ని పిల్లల కీళ్లవాతం అంటారు. మీరు చెప్పిన వర్ణన దానికి దగ్గరగా ఉంది. చిన్న వయసు ఆడపిల్లల్లో ఒకటి రెండు కీళ్లకే, ఎక్కువగా మోకాలికే పరిమితమయ్యే రకం ఉంది. చాలామంది నొప్పి అని చెప్పనే చెప్పరు, కుంటుతారంతే. చూడకుండా నేను నిర్ధారించలేను. చూసి నిర్ధారించాల్సింది పిల్లల కీళ్లవాత నిపుణులు, అంటే రుమటాలజిస్టులు. మీ ఊళ్లో లేకపోతే గుంటూరు, విజయవాడల్లో అడగండి. హైదరాబాద్ రాగలిగితే నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు, పాత కాగితాలన్నీ పట్టుకెళ్లండి. పొద్దున్నే పాప నడిచే తీరును ఫోనులో వీడియో తీయండి. మీరు వెళ్లే వేళకు పాప చక్కగా నడుస్తుంది, డాక్టరు గారు నమ్మరు.

వెళ్లేలోపు రెండు పనులు. ఒకటి, పూర్తి రక్త కణాల పరీక్షతో పాటు రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద చూసే స్మియర్ పరీక్ష చేయించండి. భయపెట్టడానికి చెప్పడం లేదు: రక్త క్యాన్సర్ కొందరు పిల్లల్లో కాళ్ల నొప్పులుగానే మొదలవుతుంది. రాత్రి నిద్ర లేపే నొప్పి, పాలిపోయిన ముఖం, ఊరికే కమిలే చర్మం దాని గుర్తులు. మీరు చెప్పినదాంట్లో అవేవీ లేవు. అయినా ఆ సంగతి తేలకముందే ఎవరైనా స్టెరాయిడ్ సిరప్ రాస్తే వాడవద్దు. నొప్పి రెండు రోజుల్లో మాయమవుతుంది, అసలు జబ్బు దాక్కుంటుంది.

రెండోది కళ్లు. ఈ రకం కీళ్లవాతంలో కంటి లోపల వాపు రావచ్చు. ఎరుపు ఉండదు, నొప్పి ఉండదు, నీరు కారదు. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూస్తేనే తెలుస్తుంది.

న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి:

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. మా బాబు మోకాలు ఉన్నట్టుండి బంతిలా ఉబ్బింది, నొప్పి మాత్రం అంతగా లేదు. ఇక్కడి డాక్టరు మొదట అడిగిన ప్రశ్న ‘అడవిలో నడకకు వెళ్లారా, గోమారి లాంటి చిన్న పురుగు కరిచిందా?’ అని. ఆ పురుగు కాటుతో వచ్చే లైమ్ అనే జబ్బుకు చేసిన పరీక్ష పాజిటివ్ వచ్చింది, నెల రోజులు యాంటీబయాటిక్ వాడాక తగ్గింది. ఆ పేరు కనెక్టికట్‌లోని లైమ్ ఊరిది. 1975 ప్రాంతంలో అక్కడ చాలామంది పిల్లలకు కీళ్లవాతమని రాసేశారట. ఒకే చుట్టుపక్కల ఇంతమందికి ఎలా వస్తుందని నిలదీసింది తల్లులే.

విశాఖపట్నం నుంచి ఒక తల్లి:

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా బాబుకు ఏడాదిన్నర. పార్కులో వాళ్ల నాన్న ఒళ్లో కూర్చోబెట్టుకుని జారుడుబల్ల మీద జారారు. అప్పటి నుంచి ఎడమ కాలు కింద పెట్టడం లేదు. జ్వరం లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు.

విశ్రాంత పిల్లల వైద్యుడు:

జారుడుబల్ల అంచుకు బూటు తట్టుకుని కాలు మెలిపడుతుంది, వెనక నాన్న బరువు తోస్తుంది. మోకాలి కింది పొడవాటి ఎముకలో వెంట్రుకంత చీలిక వస్తుంది. మొదటి ఎక్స్‌రేలో అది కనిపించకపోవడం మామూలే. పది రోజుల తర్వాత తీస్తే అతుకుపడుతున్న గీత కనిపిస్తుంది. ఎముకల డాక్టరుకు చూపించండి, కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. ఇకపై ఒళ్లో పెట్టుకుని జారకండి, మీరు పక్కన ఉండి బాబును ఒక్కడినే జారనివ్వండి, అదే భద్రం.

కర్నూలు నుంచి ఒకరు:

నొప్పికి ఇంట్లో ఐబుప్రొఫెన్ సిరప్ ఉంది. డాక్టరు దగ్గరకు వెళ్లేలోపు వేయవచ్చా?

విశ్రాంత పిల్లల వైద్యుడు:

జ్వరంతో పాటు ఒళ్లు నొప్పులున్నాయంటే, వానాకాలం ఊళ్లో డెంగీ తిరుగుతోందంటే వేయవద్దు, రక్తస్రావం ముప్పు ఉంది. పారాసెటమాల్ ఒక్కటే. కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, కనీసం ఆరు గంటల తేడాతో. సీసా మీద 5 మిల్లీలీటర్లకు ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. 120 ఉంటుంది, 250 ఉంటుంది. చెంచా ఒకటేనని పొరపడతారు. ఆస్పిరిన్ పిల్లలకు సొంతంగా ఎప్పుడూ వేయకండి.

అయిదేళ్లు దాటిన పిల్లలకు గొంతు నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు ఒక కీలు తగ్గి మరో కీలు వాస్తుంటే అది రుమాటిక్ జ్వరం కావచ్చు. కీళ్లు బాగుపడతాయి, గుండె కవాటాలు మాత్రం పాడైపోవచ్చు. అలాంటప్పుడు గుండెకు ఎకో, అంటే అల్ట్రాసౌండ్ పరీక్ష, తీయించాలి.

నరసరావుపేట తల్లి:

చూపించి వచ్చామండీ. వీడియో చూడగానే డాక్టరు గారు కీళ్లవాతమే అన్నారు. రక్త కణాలు, స్మియర్ బాగున్నాయి. ఏఎన్‌ఏ అనే రక్త పరీక్ష పాజిటివ్. కొద్దిసేపు మత్తు ఇచ్చి మోకాలిలోకి ఇంజెక్షన్ చేశారు. వాపు తగ్గుతోంది, మెట్లు నిలబడే దిగుతోంది. అత్తయ్య గారు కట్టు మాట ఎత్తడం లేదు. కళ్లు కూడా చూపించాం, బాగున్నాయన్నారు. అయినా మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు. మోకాలు తగ్గిపోతే కళ్లకు మళ్లీ ఎందుకు?

విశ్రాంత పిల్లల వైద్యుడు:

కంటి వాపు మోకాలిని చూసి రాదు. కీలు పూర్తిగా చల్లబడ్డాక కూడా రావచ్చు. ఏఎన్‌ఏ పాజిటివ్ ఉన్న చిన్న ఆడపిల్లల్లో ఆ ముప్పు ఎక్కువ. మొదటి కొన్నేళ్లు ఎక్కువ జాగ్రత్త అవసరం. అందుకే మూడు నెలల గడువు దాటనివ్వకండి. పాపకు చూపు బాగుందని అనిపించినా సరే. వచ్చే పరీక్ష తేదీని వంటింట్లో గోడ క్యాలెండరు మీద ఇప్పుడే రాసేయండి. ఆ తొడ కండ కోసం మూడు చక్రాల సైకిలు తొక్కించండి.