నాయిస్ గేట్ బిగించాలా, ప్రీయాంప్ గెయిన్ తగ్గించాలా?

ఆరుతీగలు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నా దగ్గర సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్టతో తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే) పికప్‌లున్న గిటార్, ఒక మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఉన్నాయి. హై గెయిన్ ప్యాచ్ (సంకేతాన్ని బాగా పెంచేలా సేవ్ చేసిన అమరిక) పెట్టి చేయి ఆపితే స్పీకరులోంచి గుయ్యిమనే మోత ఆగడం లేదు. నాయిస్ గేట్ (ఒక హద్దు కంటే సన్నని శబ్దాన్ని మూసేసే ఎఫెక్ట్) త్రెషోల్డ్, అంటే ఆ హద్దు, పెంచితే మోత పోతోంది గానీ, సాగదీసి వాయించిన స్వరం చివర కత్తిరించినట్టు తెగిపోతోంది. గేట్‌ను ప్రీయాంప్ (సంకేతాన్ని పెంచే భాగం) తర్వాత పెట్టి గట్టిగా బిగించమని మా బ్యాండులో ఒకరు, గేట్ జోలికి పోకుండా గెయిన్ తగ్గించమని మరొకరు అంటున్నారు. ఏది సరైనదో కారణంతో సహా చెప్పగలరా?

రిఫ్‌గది:
గేట్ ప్రీయాంప్ తర్వాతే ఉండాలన్నది నా స్థిరమైన అభిప్రాయం. మోత గిటార్‌లోనే పుట్టినా దాన్ని పెద్దది చేసేది ప్రీయాంప్. పైగా అది తన సొంత హిస్‌ను (సన్నని బుసను) కూడా కలుపుతుంది కాబట్టి, ముందున్న గేట్‌కు ఆ హిస్‌ను ఆపే మార్గమే లేదు. మెటల్ వాయించేవారికి పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగలను అదిమి వాయించడం) తర్వాత వచ్చే నిశ్శబ్దం కూడా తాళంలో భాగమే. గెయిన్ తగ్గించమనే సలహా వినడానికి బాగానే ఉంటుంది గానీ, తగ్గించిన మరుక్షణం రిఫ్‌లోని (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుసలోని) బరువు పోతుంది. త్రెషోల్డ్ పెంచి, రిలీజ్‌ను (గేట్ మూసుకోవడానికి పట్టే సమయాన్ని) 20 మిల్లీసెకండ్ల దగ్గర ఉంచి చూడండి.

సౌండ్‌బల్ల:
నిశ్శబ్దం తాళంలో భాగమన్న మాటతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. అయితే స్వరం తెగిపోవడానికి గేట్ ఎక్కడుందన్నది కారణం కాదని, గెయినే కారణమని నేను గట్టిగా నమ్ముతాను. లెక్క వేసి చూద్దాం.

ప్రాసెసర్ ఇన్‌పుట్ దగ్గర మీరు తీగ మీటిన శబ్దం −10 డెసిబెల్స్, మోత −70 డెసిబెల్స్ ఉన్నాయనుకోండి (0 గరిష్ఠ హద్దు). మోతకు కాస్త పైన, −60 దగ్గర త్రెషోల్డ్ పెట్టారు. ప్రీయాంప్ 40 డెసిబెల్స్ గెయిన్ ఇస్తే, మీటినప్పుడు స్వరం 0 దగ్గర క్లిప్ అయి ఆగిపోతుంది, మోత మాత్రం అడ్డూ అదుపూ లేకుండా −30కి ఎక్కుతుంది. స్వరం సన్నగిల్లుతూ ఇన్‌పుట్‌లో −60కి దిగి గేట్ మూసుకునే క్షణానికి, మీ చెవికి అది ఇంకా −20 దగ్గర వినిపిస్తూనే ఉంటుంది. అంత ఎత్తు నుంచి ఒక్కసారిగా నిశ్శబ్దంలోకి పడిపోతోంది కాబట్టే కత్తిరించినట్టు అనిపిస్తోంది. గేట్‌ను ప్రీయాంప్ తర్వాతకు మార్చి త్రెషోల్డ్ −20 దగ్గర పెట్టినా అది మూసుకునేది దాదాపు అదే క్షణంలో, పడిపోవడమూ అంతే ఎత్తు నుంచి. గెయిన్‌ను 40 నుంచి 25కి తగ్గిస్తే మాత్రం గేట్ మూసుకునే వేళకు స్వరం −35కి దిగి ఉంటుంది, మోత కూడా −45 దగ్గరే ఉంటుంది. డ్రమ్స్, బేస్ మోగుతుండగా ఆ తెగడాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

మరి గేట్ స్థానానికి ప్రాధాన్యమే లేదా అంటే, ఉంది, కానీ వేరే కారణంతో. ముందున్న గేట్ గిటార్‌ను మాత్రమే వింటుంది కాబట్టి మీరు ప్యాచ్ మార్చినా, గెయిన్ మార్చినా త్రెషోల్డ్ మళ్లీ సరిచేయనక్కరలేదు. తర్వాత ఉన్న గేట్‌కు గెయిన్ ముట్టుకున్న ప్రతిసారీ కొత్త త్రెషోల్డ్ కావాలి. కంప్రెసర్ వాడితే అది కూడా గేట్ తర్వాతే ఉండాలి, ఎందుకంటే అది సన్నని శబ్దాలను పైకి లేపి స్వరానికీ మోతకూ ఉన్న తేడాను తగ్గిస్తుంది. రివర్బ్, డిలే (ప్రతిధ్వని ఎఫెక్టులు) చివరికి పోవాలి. లేకపోతే గేట్ వాటి తోకలను కూడా నరికేస్తుంది.

సాగదీసే స్వరాల గురించి అడిగారు కాబట్టి ఇంకొక మాట. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించారు. ఆ బాటలో తీగను లాగి గమకం పలికించాలనుకునేవారికి స్వరం చివరి అంచులోనే ప్రాణం ఉంటుంది. అలాంటి ప్యాచ్‌లో రిలీజ్ 200 నుంచి 300 మిల్లీసెకండ్ల దాకా ఉండాలి. 20 మిల్లీసెకండ్ల రిలీజ్ పామ్ మ్యూట్‌కు సరిపోతుందే తప్ప గమకానికి కాదు.

రిఫ్‌గది:
లెక్క బాగుంది, తప్పు పట్టలేను. అయితే ప్రీయాంప్ సొంత హిస్ గురించి నేను అన్నదానికి జవాబు రాలేదు. గెయిన్ తగ్గితే పోయే బరువుకు కూడా మీరు ప్రత్యామ్నాయం చూపలేదు.

సౌండ్‌బల్ల:
ప్రాసెసర్‌లోని ప్రీయాంప్ ఒక గణన మాత్రమే. మనకు వినిపించే రొదలో అత్యధిక భాగం గిటార్ నుంచి, కేబుల్ నుంచి, ఇన్‌పుట్ సర్క్యూట్ నుంచి వచ్చినదే, కాబట్టి ముందున్న గేట్ దాన్ని ఆపగలదు. నిజమైన ట్యూబ్ ఆంప్ అయితే మీ వాదనే సరైనది. అక్కడ గిటార్‌ను విని, ప్రీయాంప్ తర్వాత కోసే పద్ధతి ఉత్తమం. బాస్ ఎన్‌ఎస్-2 పెడల్‌లోని సెండ్, రిటర్న్ లూప్ (ప్రీయాంప్‌ను మధ్యలో కలుపుకునే దారి) అందుకే ఉంది. జూమ్ ప్రాసెసర్లలో కొన్నింటి జడ్‌ఎన్‌ఆర్ ఎఫెక్ట్‌లో కనిపించే డిటెక్ట్ అమరికను (గేట్ ఏ సంకేతాన్ని వినాలో ఎంచుకునేది) గిటార్ ఇన్‌పుట్‌కు మార్చినా ఇదే ఫలితం వస్తుంది.

బరువు విషయానికొస్తే, అది చాలావరకు గెయిన్‌లో లేదు. ప్రీయాంప్‌కు ముందు ఈక్యూలో (మంద్ర, మధ్య, తార ధ్వనుల సర్దుబాటులో) బేస్ కొంత తగ్గిస్తే పామ్ మ్యూట్ బురదగా కాకుండా గట్టిగా తగులుతుంది. తర్వాత మిడ్స్ (మధ్య ధ్వనులు) పెంచి, ప్రీయాంప్ లెవెల్‌తో శబ్దం పెంచుకోవచ్చు. లెవెల్ పెంచితే స్వరమూ మోతా సమానంగా పెరుగుతాయి కాబట్టి వాటి మధ్య తేడా చెడిపోదు. ఇంట్లో ఒంటరిగా, తక్కువ శబ్దంతో సాధన చేసేటప్పుడు చెవి ఎక్కువ గెయిన్ కోరుకుంటుంది. అదే ప్యాచ్‌ను బ్యాండుతో వాయిస్తే గిటార్ మసకబారి వెనక్కి పోతుంది.

ఆరుతీగలు:
గెయిన్ తగ్గించి, బేస్ కోసి చూశాను. తెగడం చాలావరకు తగ్గింది. కానీ సాయంత్రం పూట మోత ఇంకా ఎక్కువగానే ఉంటోంది. తీగల మీద చేయి పెడితే తగ్గుతోంది. దీనికి కూడా గేటేనా దారి?

సౌండ్‌బల్ల:
కాదండీ, ఇది గేట్ దాకా రానివ్వకూడని మోత. తీగలు ముట్టుకుంటే తగ్గుతోందంటే, మీ శరీరం గదిలోని విద్యుత్ రొదను పట్టి పికప్‌లకు అందిస్తోందని, గిటార్ లోపల షీల్డింగ్ (రొదను అడ్డుకునే లోహపు పొర) బలహీనంగా ఉందని అర్థం. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సింగిల్ కాయిల్‌లో ఆ హమ్ ఎలాగూ కొంత ఉంటుంది. ఆ హమ్‌ను రద్దు చేయడానికే 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ హమ్‌బకర్ అనే రెండు కాయిల్‌ల పికప్‌ను రూపొందించారు. కానీ మీరు చెప్పినట్టు సాయంత్రం మాత్రమే పెరుగుతోందంటే ముందుగా ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్‌ను, ఎల్‌ఈడీ బల్బులను అనుమానించండి. ఫ్యాన్‌ను పూర్తి వేగంలో పెట్టి ఒకసారి, పూర్తిగా ఆపి ఒకసారి వినండి. గిటార్‌ను పట్టుకుని కూర్చున్న చోటే నెమ్మదిగా తిరిగితే ఏదో ఒక దిశలో హమ్ బాగా తగ్గుతుంది. మూడు పిన్నుల ప్లగ్‌కు ఎర్త్ నిజంగా అందుతోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎర్త్ పిన్ను విరిచి వాడటం మోత విషయం అలా ఉంచి ప్రాణానికే ప్రమాదం. ఇవన్నీ చేశాక మోత −70 నుంచి −80కి దిగితే త్రెషోల్డ్‌ను కూడా −70కి దించుకోవచ్చు, అప్పుడు గెయిన్‌లో రిఫ్‌గది గారు కోరిన బరువు కొంత తిరిగి తెచ్చుకోవడానికి చోటు దొరుకుతుంది.

రిఫ్‌గది:
ఆ చివరి మాటకు నేను ఒప్పుకుంటాను. రిథమ్ ప్యాచ్‌కు 20 మిల్లీసెకండ్ల రిలీజ్, లీడ్ ప్యాచ్‌కు మీరు చెప్పిన 200–300 మధ్యలో 250, రెండూ వేర్వేరుగా సేవ్ చేసుకోమని మాత్రం ఆరుతీగలు గారికి నా సూచన.